మూడో మాటకు జవాబు

మా సంఘంలో లెంటు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, మొదలైన తొలి ఆదివారం ఏడు మాటలు పంచుతారు. ప్రభువు సిలువ మీద పలికిన మాటలు ఏడు. మంచి శుక్రవారం నాడు మిట్టమధ్యాహ్నం నుంచి మూడు గంటల దాకా ఏడుగురు లేచి, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద ప్రసంగిస్తారు. పాస్టరు అయ్యగారు తప్ప మిగిలిన వాళ్లంతా మామూలు మనుషులే. బడిపంతులు, దవాఖానలో కాంపౌండరు, మిల్లులో పనిచేసేవాళ్లు. ఆడవాళ్లకూ ఒక మాట తప్పకుండా ఇస్తారు.

రెండో మాట అందరికీ కావాలి. పక్క సిలువ మీది దొంగకు పరదైసు, అంటే స్వర్గం, దొరికిన మాట అది. చెప్పడానికి కథ ఉంటుంది, వినేవాళ్లకు కన్నీళ్లు వస్తాయి. నాలుగో మాట మాత్రం ఎవరికీ వద్దు. "నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అన్న ఆ మాట చెప్పిన ఇంటికి ఆ యేడు ఏదో ఒక కష్టం వస్తుందని మా వాళ్ల నమ్మకం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఇలాంటి భయాలు ఒక్కసారిగా పోవు. అందుకని జ్ఞానానందం అయ్యగారు ఏటా దాన్ని తన దగ్గరే పెట్టుకుంటారు. ఆయనది గుంటూరు వైపు. "కష్టం వచ్చేదుంటే మా ఇంటికే రానివ్వండి, దారి తెలిసిన ఇల్లు" అని నవ్వుతారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మూడో మాట నా భర్త రాజమల్లుకు వచ్చింది.

అయ్యగారు ఆ పేరు చెప్పినప్పుడు మగవాళ్ల చాప మీద కూర్చున్న ఆయన తల వంచుకోవడం నేను ఇటు ఆడవాళ్ల వైపు నుంచి చూశాను. మూడో మాట తల్లి మాట. సిలువ దగ్గర నిలబడ్డ తల్లిని చూసి ప్రభువు, పక్కనున్న శిష్యుణ్ణి చూపిస్తూ "అమ్మా, ఇదిగో నీ కొడుకు" అంటాడు. శిష్యుడితో "ఇదిగో నీ తల్లి" అంటాడు. తాను ఇక చేయలేని కొడుకు పనిని ఇంకొకరికి అప్పగించి పోతాడు.

రాజమల్లు పద్మశాలి ఇంట పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి లింగమ్మ నలుగురి మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఆయనను పెంచింది. కుర్రతనంలో విడవని జ్వరం వచ్చి మిషను దవాఖానలో పడి ఉన్న రోజుల్లో ఆయన బైబిలు వాక్యం విన్నాడు. మా మేనమామ అక్కడే వార్డులో పనిచేసేవాడు. బాప్తిస్మమూ, నాతో పెళ్లీ ఒకే ఏట జరిగాయి. నేను వర్ధన్నపేట దగ్గర పల్లెలో మాలవాడ పిల్లను, మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాను. పెళ్లి కబురు విన్ననాడు లింగమ్మత్త కొడుకును వాకిట్లోనే నిలబెట్టి, "నా గడప తొక్కకు" అంది. ఆయన తొక్కలేదు. ఇంట్లో మగ్గం వదిలి మిల్లులో చేరాడు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు.

ఆరాధన అయ్యాక ఆయన అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. నేను వెనకాల నిలబడ్డాను.

"అయ్యగారూ, నాకు ఐదో మాట ఇయ్యరాదుండ్రి. దప్పిగొన్నా అన్న మాట. చిన్నగుంటది, ఎండకాలం గూడ. చెప్పుడు అల్కగైతది."

"చిన్న మాటే చెప్పడం కష్టం, రాజమల్లూ."

"మూడోది నాకద్దు. నా సంగతి మీకు తెల్వనిదా?"

"తెలుసు" అన్నారు అయ్యగారు. ఆయన అంత తక్కువ మాట్లాడటం అరుదు కాబట్టి రాజమల్లు ఇక బతిమాలకుండా ఇంటి దారి పట్టాడు.

లెంటులో బుధవారాలూ శుక్రవారాలూ పొద్దుగూకే వేళ ప్రసంగాలు ఉండేవి. మొదటి బుధవారం అయ్యగారు ఉపవాసం గురించి చెప్పారు. రొట్టె మానాలి, మాంసం మానాలి, ఆ మిగిలినది బీదలకు పెట్టాలి అన్నారు. గింజల బజారులో చెరిగే పనిచేసే కట్టమ్మ పెద్దమ్మ ఆడవాళ్ల వైపు నుంచి చేయెత్తింది.

"అయ్యగారూ, కంట్రోలు బియ్యం మీద బతికేటోల్లకు ఏడాదంత లెంటే గదా. ఇంకేం మానమంటరు?"

జనం నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. పుస్తకం మూసి ప్రార్థన చెప్పి పంపేశారు.

మళ్లీ బుధవారం ఆయన లేచి నిలబడి, "కట్టమ్మ అడిగిన దానికి వారమంతా వెతికాను" అన్నారు. "లేనిదాన్ని మానమని దేవుడు అడగడు. అలా చెప్పింది నా తప్పు. మీ దగ్గర దండిగా ఉన్నదేమిటో ఎవరికి వారు చూసుకోండి, అది మానండి. నా దగ్గర దండిగా ఉన్నది ప్రసంగం. కాబట్టి ఈ రోజుకు ఇంతే." నిజంగానే కూర్చున్నారు. కాసేపు ఎవరికీ లేవాలో వద్దో తెలియలేదు.

ఇంటికి పోతూ కట్టమ్మ పెద్దమ్మ అంది, "నా దగ్గర దండిగున్నది నోరు. గది మానితే ఇగ నేనుండుడు దేనికి?"

రాజమల్లు ఇల్లు చేరాక చెప్పులు విడుస్తూ, "నా దగ్గర దండిగున్నది సుట్టుదారి" అన్నాడు.

నాకు అర్థమైంది. మా ఇంటి నుంచి మిల్లుకు తిన్నని దారి పద్మశాలీల వాడ మధ్య నుంచి, లింగమ్మత్త వాకిలి ముందు నుంచే పోతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆ దారి వదిలి రైలు కట్ట పక్కగా చుట్టు తిరిగి పోయేవాడు. వానలో, ఎండలో కూడా అంతే. మర్నాడు పొద్దున ఆయన తిన్నని దారిన వెళ్లాడు.

సాయంత్రం నేను అడిగాను, "ఎట్లున్నది అత్త?"

"అరుగు మీద కూసోని కండెలు సుట్టుకుంటాంది. నన్ను సూసి రాట్నం జోరుగ తిప్పింది."

"ఏమన్న మాట్లాడిందా?"

"రాట్నమే మాట్లాడింది."

కాని ఆయన ముఖంలో ఏదో తేలికదనం ఉంది. మర్నాడూ అదే దారిన వెళ్లాడు. ఆ తరవాత అదే అలవాటైంది.

రాజమల్లు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని సాయంత్రాలు నేను సువార్త చదివి వినిపించేదాన్ని. ఇద్దరం కలిసి ప్రసంగం తయారుచేశాం. అయ్యగారి నోట విన్న పెద్ద పెద్ద మాటలు ఏరి పెట్టాం. "ఘోరాంధకారము" అన్న మాట నాకే తోచింది, చాలా బాగుందనిపించింది. ఇంట్లో కూర్చుంటే ఆయనకు మాటలు నిలవవు. చేతులో కాళ్లో కదులుతుంటేనే గుర్తుంటాయి, మగ్గం మీద పెరిగిన మనిషి కదా. అందుకని మిల్లుకు పోతూ వస్తూ నడకలో వల్లె వేసేవాడు. ఆ నడక పద్మశాలీల వాడ గుండానే. "అమ్మా, ఇదిగో నీ కొడుకు" అనుకుంటూ ఆయన తల్లి వాకిలి ముందు నుంచి రోజూ పోతుంటే వాడవాళ్లు ఏమనుకుంటారో మా ఇద్దరికీ తట్టలేదు.

మంచి శుక్రవారానికి ముందొచ్చే మట్టలాదివారం ఇంకా రాకముందే చిలుకమ్మ వచ్చింది. ఆమె కూరగాయల గంప ఎత్తుకుని ఆ వాడా ఈ వాడా తిరుగుతుంది. గంప దించి, వంకాయలు చూపించకుండానే మొదలుపెట్టింది.

"ఏమే సలోమీ, మంచి శుక్రవారం మీ గుడిల నీ మొగడు తల్లి మీద ఫిర్యాదు జేస్తాండట?"

"ఫిర్యాదు కాదక్కా, ప్రసంగం."

"అంటే?"

"లేసి నిలవడి మాట్లాడుడు."

"పదిమంది ముంగటనా?"

"ఊ."

"తల్లి గురించేనా?"

"తల్లి గురించే. కని ఈ తల్లి కాదు."

"గాయినకు ఎంతమంది తల్లులే?" అని చిలుకమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "నాకు జెప్పకు పిల్లా. వాడ వాడంతా ఇన్నది. 'అమ్మా, నీ కొడుకు' అనుకుంట దినాం పాఠం జదువుతాండు. లింగమ్మవ్వ మార్కండేయులు కాక ఇంటికి వోయి కూసున్నది. 'నేను గూడ వస్త, నాకు గూడ నోరున్నది' అంటాంది."

ఆమె వెళ్లాక నేను పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ వాడలో తగువు ఏదైనా మార్కండేయులు ముందుకే పోతుంది. ఆయన వాళ్ల కులపెద్ద. ఒకరు పదిమందిలో లేచి ఇంకొకరి పేరెత్తితే, ఆ ఇంకొకరి తరఫున పెద్దమనిషి వచ్చి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. కొడుకు కిరస్తానీల పంచాయితీలో తల్లి మీద ఫిర్యాదు పెడుతున్నాడనే లింగమ్మత్త అనుకుంది. మంచి శుక్రవారం అంటే తీర్పు జరిగిన రోజని వాడవాళ్లకూ తెలుసు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

రాజమల్లు రాగానే చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"నేను నోరు తెరిస్తే, నలుగుట్ల నా ఇజ్జత్ తీసిండని అవ్వ అనుకుంటది. తెరువకపోతే దేవునికిచ్చిన మాట తప్పినట్టు. ఇప్పుడు మాట్లాడకున్న అరుగు మీదనన్న కూసుంటాంది, సలోమీ. నేను వస్తాన్నని తెలిసి గూడ లోపటికి పోతలేదు. శుక్రవారం దాటినంక తలుపేసుకుంటదేమో. గప్పుడు నేను ఏ దారిన పోతే ఏంది?"

అయ్యగారిని అడుగుదామన్నాను. ఇద్దరం వెళ్లాం. అయ్యగారు అంతా విని, "ఆవిడ వస్తే రానివ్వండి. గుడికి రావద్దని నేనెవరికి చెప్పగలను?" అన్నారు. రాజమల్లుకు ఇచ్చిన మూడో మాటను మాత్రం మార్చలేదు.

మంచి శుక్రవారానికి వారం ముందటి శుక్రవారం ప్రసంగంలో ఆయన సిలువకు దూరంగా నిలబడ్డ ఆడవాళ్ల గురించి చెప్పారు. "వాళ్లు మేకులు ఊడబెరకలేరు. సైనికులతో పోట్లాడలేరు. అయినా ఇంటికి పోలేదు. చూస్తూ నిలబడ్డారు. మగవాళ్లలో ఎక్కువమంది పారిపోయారు కాబట్టి, ఆ రోజు జరిగింది లోకానికి తెలిసిందంటే చాలావరకు ఆ చూసిన కళ్లవల్లే." నాకు చిన్నప్పటి నుంచి మాట తక్కువ. మా ఇంట్లో దాన్ని లోపంగానే చెప్పుకునేవాళ్లు. చూస్తూ నిలబడటం కూడా ఒక పని అని ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాను. ఇంటికి వచ్చి రాజమల్లుతో, "నువ్వు చెప్పు. నేను ముందు వరుసల కూసుంట" అన్నాను. అంతకంటే ధైర్యం చెప్పడం నాకు చేతకాలేదు.

మంచి శుక్రవారం మా గుడిలో గంట కొట్టరు. ఆడవాళ్లం తెల్ల చీరలు కట్టుకుని వచ్చి చప్పుడు చేయకుండా కూర్చుంటాం. ఆ రోజు వడగాలి కిటికీల్లోంచి లోపలికి కొడుతోంది. పిల్లలు కూడా ఎండకు డస్సి ఊరుకున్నారు. బడిపంతులు మొదటి మాట చెప్పాడు. కట్టమ్మ పెద్దమ్మకు ఆ యేడు రెండో మాట వచ్చింది. దొంగ గురించి ఆమె ఎంత బాగా చెప్పిందంటే, వాడు గింజల బజారులో ఆమె పక్కనే పనిచేసినట్టు అనిపించింది.

కీర్తన పాడి కూర్చుంటుండగా గుమ్మం దగ్గర అలికిడైంది. తలపాగా చుట్టుకుని, చేతికర్రతో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. మార్కండేయులే. ఆయన వెనక లింగమ్మత్త. నేను ఆమెను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. సన్నగా, నిటారుగా ఉంది. కొంగు నడుముకు బిగించింది. తగువుకు వచ్చిన మనిషి కట్టు అది. వాళ్ల వెనక వాడవాళ్లు కొందరు గుమ్మం బయటే నిలబడ్డారు. చిలుకమ్మ గంప నెత్తిన పెట్టుకునే ఉంది.

అయ్యగారు వాళ్లకు చాప పరిపించారు. లింగమ్మత్త చాప మీద కూర్చోలేదు, దాని పక్కన నేల మీద కూర్చుంది. మార్కండేయులు నిలబడే ఉన్నాడు.

"అయ్యా, తమరే పెద్దమనిషనుకుంట ఇక్కడ" అన్నాడు అయ్యగారితో. "ఒక్క దిక్కు మాటిని తీర్పు జెప్పుడు ధర్మం గాదు. పిలగాని మాట అయినంక మా మాట గూడ ఇనాలె."

గుడిలో గుసగుసలు లేచాయి. అయ్యగారు చేయెత్తి ఆపారు. "అలాగే పెద్దాయనా. అతని మాట అయ్యాక మీ మాట వింటాం" అన్నారు. కూటంలో కొందరు పెద్దలకు అది నచ్చలేదని బిగుసుకున్న వాళ్ల మెడలు చూస్తేనే తెలిసింది.

రాజమల్లు లేచి ముందుకు వెళ్లాడు. చొక్కా వెన్నంతా తడిసి అంటుకుపోయింది.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా, గొల్గొతా కొండను ఆవరించిన ఆ ఘోరాంధకారములో..."

అక్కడ ఆగిపోయాడు. ఆ తరవాతి మాట నాకు తెలుసు. నా పెదవులు దాన్ని అప్పటికే పలుకుతున్నాయి. ఆయన నా వైపు చూశాడు. నేను పెదవులు మూసుకున్నాను. ఆ మాటలు తల్లికి అర్థం కావని, అర్థం కాని మాటలన్నీ ఆమెకు తిట్లుగానే వినిపిస్తాయని నాకు ఆ క్షణాన తోచింది. ఆయన కాసేపు నా ముఖమే చూసి, తరవాత గుమ్మం వైపు తిరిగాడు.

"పెద్ద మాటలు నేర్సుకొచ్చిన. మర్సిపోయిన" అన్నాడు. "నాకు తెలిసింది జెప్త. ఆ దినం ప్రభువు రెండు చేతులకు మేకులు గొట్టిన్రు. ముంగట తల్లి నిలవడ్డది. గుక్కెడు నీళ్లు ముంచిద్దమన్నా చెయ్యి రాదు. గందుకే పక్కపొంటి ఉన్న మనిషిని సూసి, గీమె నీ తల్లి, జర అర్సుకో అన్నడు. పాణం పోయేటాల్ల గూడ ఆమె ఫికరే వడ్డడు."

తన చేతులు తానే చూసుకున్నాడు.

"నా చేతులకు మేకులు లేవు. బాగనే ఉన్నయి. గీ చేతులు ఊపుకుంట దినాం అవ్వ ఇంటి ముంగటికెళ్లి పోతాన. బాయికాడ నీళ్లు ఎవలు తోడుతాన్రో నాకు తెల్వది. జరమొస్తె గంజి ఎవలు కాస్తాన్రో తెల్వది. నీ కొడుకును నేనే అని జెప్పెటందుకు నాకు నోరు రాలే. మరి ఈ మాట మీద నేనేం జెప్పాలె? నా తాన జెప్పెటందుకేం లేదు."

గుమ్మం దగ్గర నుంచి లింగమ్మత్త గొంతు లేచింది.

"నీళ్లు నేనే తోడుకుంటాన! ఎవలు తోడుతరు? నాకేం రెక్కలు వడిపోయినయా?"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. లింగమ్మత్త మార్కండేయులు వైపు తిరిగింది.

"నువ్వు మాట్లాడవేందే మార్కండేయులు బావా? ఇంత ఎండల తోలుకొచ్చింది గిట్ల నిలవడెటందుకేనా?"

మార్కండేయులు తలపాగా సర్దుకున్నాడు. "ఫిర్యాదే లేకపాయెనే లింగమ్మా. ఏమని జవాబు జెప్పాలె?"

"ఫిర్యాదు నాది ఉన్నది!" ఆమె లేచి నిలబడింది. తెచ్చుకున్న మాటలన్నీ ఖర్చు కాకుండా మిగిలిపోయిన కోపం ఆమె ముఖంలో కనిపించింది. "అయ్యా పెద్దమనిషీ, మీరు గూడ ఇనుండ్రి. వీడు దినాం నా ఇంటి ముంగటికెళ్లి పోతాండు. పిచ్చోని లెక్క తనల తనే మాట్లాడుకుంట పోతాండు. అవ్వా తిన్నవానే అని ఒక్కనాడన్న అడిగిండా? గిదేనా మీరు నేర్పింది?"

అయ్యగారు రాజమల్లు వైపు చూశారు. జవాబు నీదే అన్నట్టు.

"నువ్వే గద అవ్వా గడప తొక్కద్దంటివి" అన్నాడు రాజమల్లు.

"గడప తొక్కద్దన్న. మాట్లాడద్దన్ననా?"

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"బజాట్ల నిలవడి మాట్లాడితే నీ నోటికి అడ్డమొచ్చిన్నా నేను? గడప అవుతలికెళ్లి పిలిస్తె నా చెవులు వినవడవా? గిన్నేండ్లాయె. అరుగు మీద ఎందుకు కూసుంటాన్ననుకున్నవురా? లోపట గాలి లేకనా?"

ఆమె కూర్చుండిపోయింది. కొంగు నడుము నుంచి లాగి ముఖం మీద వేసుకుంది. మార్కండేయులు కర్ర నేల మీద మెల్లగా ఆనించి, ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. రాజమల్లు ఎక్కడ నిలబడ్డవాడు అక్కడే ఉన్నాడు. కట్టమ్మ పెద్దమ్మ చప్పుడు చేయకుండా ఏడుస్తోంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. తొక్కకు అన్న ఒక్క మాటను పట్టుకుని ఒకరు బయట, ఒకరు లోపల ఇన్నాళ్లు ఎండిపోయారే అని ఆశ్చర్యంగా ఉంది.

మూడో మాట అలా ముగిసింది. పద్ధతి ప్రకారం కీర్తన పాడాలి. ఎవరూ ఎత్తుకోలేదు. అయ్యగారే లేచి నాలుగో మాట మొదలుపెట్టారు. ఏటా ఆయన దాని మీద గంటసేపు చెప్పేవారు. ఆ యేడు నాలుగు ముక్కల్లో ముగించారు.

"విడిచిపెట్టావా అని అడిగినవాడు ఎవరిని అడిగాడు? విడిచిపెట్టాడనుకున్నవాణ్ణే అడిగాడు. నిజంగా ఎవరూ లేరనుకుంటే అడగడు. చీకట్లోకి పిలిచాడంటే అక్కడ వినేవాడున్నాడని తెలుసు. నేను ఇన్నేళ్లూ ఈ మాటను నిరాశ మాట అనే చెప్పాను. ఈ రోజు అలా చెప్పలేను."

మిగిలిన మూడు మాటలూ అయ్యేదాకా లింగమ్మత్త కదలలేదు. కొంగు మెల్లగా దిగింది. ప్రతి మాటకూ తల ఊపుతూ, కథ వింటున్నట్టే విన్నది. చివరి ప్రార్థనకు అందరం మోకరిస్తే, ఏమి చేయాలో తెలియక ఆమె కూర్చునే తల వంచింది.

ఆఖరున మార్కండేయులు అయ్యగారి దగ్గరికి వచ్చాడు. "మా పంచాయితీలైతే ఎవలో ఒకల మీద దండుగ వడుతది. మీ తాన లేదా?"

"ఉంది పెద్దాయనా. ఆ జరిమానా సిలువ రోజే ఒకరు కట్టేశారు."

"ఎవలది?"

"అందరిదీ."

"అట్లయితే మా అసుంటోల్లకు పనేమున్నది" అని మార్కండేయులు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఒప్పుకున్నాడో, ఎగతాళి చేశాడో నాకు తెలియలేదు.

బయట చింతచెట్టు నీడలో ఉపవాసం విడిచేవాళ్లకు గంజి పోస్తున్నారు. లింగమ్మత్త మెట్ల మీద కూర్చుంది. నేను గంజి తీసుకుపోలేదు, మా చేతిది ఆమె తాగదని తెలుసు. ఊరికే పోయి కొంచెం ఎడంగా నిలబడ్డాను. ఆమె నా వైపు చూడకుండానే అడిగింది.

"గాయిన అవ్వ తర్వాత ఏమైంది?"

"ఆ శిష్యుడు ఆమెను తనింటికి తీస్కపోయిండు అత్తా."

అత్తా అని నోరు జారింది. ఆమె దానికేమీ అనలేదు.

"గా శిష్యునికి పెండ్లాం ఉన్నదా?"

"పుస్తకంల రాయలేదు."

"రాయరు. గసుంటియి రాయరు" అంది లింగమ్మత్త. "కొడుకు తీస్కపోతడు, బాగనే ఉన్నది. ఇంట్ల ఉన్న ఆడిది ఏమన్నదో, ఏం వండిపెట్టిందో, ఎక్కడ పండవెట్టిందో ఎవడు రాస్తడు?"

నేను ఇన్నేళ్లు ఆ అధ్యాయం చదివాను. ఆ ఇంటి ఆడమనిషి గురించి ఒక్కసారి కూడా తలచుకోలేదు.

"ఆమె సంబురవడ్డదేమో" అన్నాను.

లింగమ్మత్త అప్పుడు నన్ను చూసింది. కాళ్ల నుంచి పైదాకా, మెల్లగా, నూలు నాణ్యం చూసినట్టు చూసింది. "ఏమో మరి. నేనైతే ఎవలింటికి రాను. నాకు ఇల్లున్నది" అంది. లేవబోయి, ఎండకు కళ్లు తిరిగినట్టయి చేయి చాచింది. పట్టుకోవడానికి దగ్గరలో ఉన్నది నా భుజమే. పట్టుకుంది. ఎవరి భుజమో ఆమెకు తెలుసు. కింది మెట్టు దిగి, కాళ్లు నిలదొక్కుకునే దాకా వదల్లేదు. చెట్టు కింద ఉన్న మార్కండేయులు చూసి, ఏదో పని ఉన్నట్టు అటు తిరిగాడు.

రాజమల్లు వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. చేతులు వెనక పెట్టుకున్నాడు.

"ఎండల ఎట్ల పోతవే అవ్వా? ఇంతసేపు ఉండుడెందుకు?"

"ఉండక? నువ్వు దబ్బదబ్బ చెప్పి ముగిస్తివా? నడుమ నిలవడి కండ్లు తేలేస్తివి."

"మర్సిపోయిన్నే."

"చిన్నప్పుడు గూడ గంతే. ఉప్పు తెమ్మంటె బెల్లం తెస్తుంటివి."

"ఒక్కసారే తెచ్చిన!"

"ఒక్కసారా? మార్కండేయులు బావా, ఇన్నవా? ఒక్కసారేనట!"

వాళ్లు నడక మొదలుపెట్టారు. ఆమె ముందు, ఆయన ఒక అడుగు వెనక. నేను గంజి గిన్నెలు కడగడానికి ఆగిపోయాను. కట్టమ్మ పెద్దమ్మ గిన్నె తోముతూ తోముతూ ఆపి, "అప్పుడే తగువు వెట్టుకుంటాన్రు సూడవే" అని నవ్వింది.

నిజమే. ఉప్పు దాటి బెల్లం దాటి, ఎప్పుడో మగ్గం మీద తెగిన పడుగు నూలు ఎవరి తప్పో తేల్చే దాకా పోయింది వాళ్ల తగువు. ఆమె ఒకటంటే ఆయన రెండంటున్నాడు. ఇంట్లో నాతో ఏనాడూ అంత గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. రైలు కట్ట దగ్గర దారి రెండుగా చీలే చోట ఇద్దరూ తిన్నని దారిలోకే తిరిగారు. మనుషులు కనబడకుండా పోయాక కూడా గొంతులు కాసేపు వినిపించాయి. నేను గిన్నెలు బోర్లించి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను. అది తొందరగా ఆగలేదు.